ఇల్లు ధర్మానికి రాసేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టేనా?

గోదారిగట్టు:
నాకు 69 ఏళ్లండి. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. కాకినాడలో సొంతిల్లు, కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అబ్బాయి సిడ్నీలో, అమ్మాయి విశాఖలో, ఇద్దరూ బాగానే స్థిరపడ్డారు. నేను జగన్నాథపురంలో మల్లాడి సత్యలింగం నాయకర్ గారి పేరున్న బడిలో చదువుకున్నవాణ్ణి. ఆయన రంగూన్‌లో సంపాదించిన సొమ్మంతా వీలునామా రాసి ధర్మానికి వదిలిపోకపోతే నేనీపాటికి రేవులో మూటలు మోస్తూ ఉండేవాణ్ణి. అందుకే ఇల్లు ఒక పేదపిల్లల హాస్టల్ ట్రస్టుకు రాద్దామని ఉంది.
నిన్న పొద్దున నడకలో ఈ మాటంటే స్నేహితుడొకడు "పిల్లల నోట్లో మట్టికొట్టి పుణ్యం మూటగట్టుకుంటావట్రా" అన్నాడు. రాత్రి నిద్ర పట్టలేదు. మీరేమంటారు?

న్యూజెర్సీ నుంచి:
నిక్షేపంగా రాయండి మాస్టారూ. తెనాలిలో మా నాన్నగారిల్లు ఎనిమిదేళ్లుగా తాళం వేసి ఉంది. పోయినసారి వెళ్తే గడియ తుప్పుపట్టి విరిగి చేతికొచ్చింది. అమ్మబుద్ధి కాదు, ఉండలేం. ఆయన ఎవరికైనా రాసిపోయి ఉంటే దణ్ణం పెట్టేవాణ్ణి. బ్రిటన్‌లో ఎస్టేటులో పదో వంతు ధర్మానికి రాస్తే వారసత్వ పన్ను 40 నుంచి 36 శాతానికి తగ్గుతుంది. మన దగ్గర ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది, కాబట్టి వీలునామా రాసి మిగుల్చుకునే పన్నేమీ లేదు. మనసుంటేనే రాస్తారు.

పెద్దకూతురు:
మీ స్నేహితుడిది మొరటు మాటేగానీ, తీసిపారేసే మాట కాదు. మా నాన్న పక్షవాతంతో ఆరేళ్లు మంచాన ఉన్నారు. ఉద్యోగం మానేసి చూసుకున్నది నేను. వీపు పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టేదాన్ని, రాత్రిళ్లు అలారం పెట్టుకుని మరీ. పదకొండో రోజు బీరువా సర్దుతుంటే అమ్మ పట్టుచీరల కింద కవరు కనిపించింది. ఇల్లు ఒక ఆశ్రమానికట. మూడు పేజీల్లో నా ప్రస్తావన ఒక్కచోటే ఉంది: "నా కుమార్తె ఇందుకు ఎట్టి అభ్యంతరమూ చెప్పరాదు."
ఆస్తి పోయిందని కాదు నా బాధ. సరే, అదీ కొంత ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ ఆరేళ్ల నా జీతం ఎవరు దానం చేసినట్టు? ఆశ్రమం గోడ మీది రాతిపలక మీద మాత్రం ఆయన పేరే ఉంది.

వకాల్తా:
ఇల్లు స్వార్జితమైతే ఎవరికి రాసినా మీ ఇష్టం. పిత్రార్జితమైతే అందులో మీ వాటా మేరకే రాయగలరు, 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 30 ఇచ్చిన హక్కు అంతవరకే. ముస్లింలైతే వారసులు ఒప్పుకోనిదే మూడో వంతుకు మించి వసీయత్, అంటే వీలునామా, చెల్లదు. క్రైస్తవులకైతే 1925 వారసత్వ చట్టంలో సెక్షన్ 118 అని ఒక వింత మెలిక ఉండేది. దగ్గరి బంధువులున్నవాడు ధర్మానికి రాస్తే, చావుకు కనీసం ఏడాది ముందే రాసి, ఆరు నెలల్లోగా దాఖలు చేసి ఉండాలి. పోయే ప్రాణాన్ని భయపెట్టి ఎవరో రాయించుకుంటారని చట్టానికే అనుమానమన్నమాట. కేరళకు చెందిన ఫాదర్ జాన్ వల్లమట్టం వేసిన కేసులో 2003లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.
సెక్షన్ పోయింది గానీ అనుమానం ఎక్కడికీ పోలేదు. కన్నపిల్లలకు చిల్లిగవ్వ లేకుండా రాశాడంటే దీని వెనక ఎవరో ఉన్నారని, అవతలి లాయరు అక్కణ్ణుంచే మొదలుపెడతాడు. కాబట్టి ఎందుకు రాస్తున్నారో వీలునామాలోనే మీ మాటల్లో చెప్పండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరేం కాదు, స్టాంపు డ్యూటీ కూడా లేదు, అయినా చేయించండి. సాక్షులిద్దరూ మీకన్నా చిన్నవాళ్లయితే మంచిది, రేపు కోర్టులో కనీసం ఒకరైనా బోనెక్కి చెప్పాలిగా. ఇంకోటి, ట్రస్టువాళ్లు ఎంత తొందరపెట్టినా గిఫ్ట్ డీడు జోలికి మాత్రం పోకండి. వీలునామా ఊపిరున్నంతవరకూ మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడు వెనక్కి తెచ్చుకోవాలంటే చెప్పులరుగుతాయి.

ఊరి లైబ్రరీ:
పుచ్చుకునేవాళ్ల తరఫున నేనో మాట చెప్తాను. మాది చిన్న గ్రంథాలయ ట్రస్టు. పదేళ్ల కింద ఓ పెద్దాయన మూడుగదుల పెంకుటిల్లు మాకు రాసి పోయారు. అందులో ఆయన అన్నకొడుకు ఉంటున్నాడు, కదలడు. కేసు వేశాం, వాయిదాలు నడుస్తున్నాయి. లాయరు ఫీజు మాది, ఇంటిపన్ను మాది, ఇంట్లో ఉన్నది ఆయన. ఆ దానం పుణ్యాన ఇప్పటిదాకా ఒక్క పుస్తకం కొన్లేదు. మద్రాసు పచ్చయప్ప మొదలియార్ 1794లో ధర్మాలకు రాసి కన్నుమూస్తే, సొమ్ము కోర్టుల్లో పడి నలిగి, ఆయన పేర బడి తెరిచేసరికి 1842 వచ్చింది.
ఇల్లొద్దండీ బాబూ, డబ్బివ్వండి! లేదా ఇల్లు అమ్మి ఇంత ఇమ్మని, వీలునామా అమలు చేసే ఎగ్జిక్యూటర్‌కి రాయండి. "గుడి పక్కనున్న అనాథాశ్రమం" అని కాకుండా ట్రస్టు పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వెయ్యండి. మీకన్నా ముందు ఆ ట్రస్టే మూతపడితే ఎవరికి వెళ్లాలో అదీ రాయండి.

న్యూజెర్సీ నుంచి:
ఈ చిక్కు నాకూ ఉంది. నేనిప్పుడు అమెరికా పౌరుణ్ణి. ఇక్కణ్ణుంచి మా ఊరి బడి ట్రస్టుకు రాస్తే అది విదేశీ విరాళమే అవుతుంది. వాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. మా కమిటీకి ఊరి గ్రామీణ బ్యాంకులో పాస్‌బుక్కే దిక్కు.
పెద్దకూతురు గారూ, మీ బాధ నిజమే. కానీ పిల్లలందరికీ ఆస్తి కావాలని లేదు కదా.

పెద్దకూతురు:
మీకు తాళంచెవి మిగిలింది, నాకు బెడ్‌పాన్ మిగిలింది. అందుకే ఆస్తి అక్కర్లేదనడం మీకు తేలిక. గోదారిగట్టు గారూ, రేపు మీరు మంచం పడితే సిడ్నీ నుంచి వస్తారా, విశాఖ నుంచి వస్తారా? ఆ వచ్చే మనిషికి ఈ సంగతి తెలుసా?

గోదారిగట్టు:
తెలీదమ్మా. సంక్రాంతికి ఇద్దరూ వస్తారు, అప్పుడు చెబుదామని.

పెద్దకూతురు:
సంక్రాంతి దాకా ఎందుకండీ? మా నాన్న కూడా ఉగాదికి చెబుదామనుకున్నారేమో.

గోదారిగట్టు:
ఇప్పుడే అమ్మాయికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇల్లు మీ ఇష్టం నాన్నా, మరి మీరెక్కడుంటారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ ఇల్లు ఎవరికి పోవాలనే ఆలోచించాను గానీ, ఆఖరి రోజులు ఎవరింట్లో గడుస్తాయో ఆలోచించలేదు.
ఇల్లు అమ్మాయికి, డిపాజిట్లలో సగం హాస్టల్‌కి, మిగతా సగం అబ్బాయికి అని మళ్లీ మొదట్నుంచీ రాస్తున్నాను. నాయకర్ గారంతటి వాణ్ణి కాలేనుగా.
వకాల్తా గారూ, ఇంకో సమస్య. సాక్షి సంతకాలకు అనుకున్నవాళ్లిద్దరూ నా నడక స్నేహితులే. ఒకాయనకి 74, ఇంకొకాయనకి 77, ఆయన పోయిన నెలే స్టెంటు వేయించుకున్నాడు. ఎదురింటి కుర్రాణ్ణి అడగనా?

వకాల్తా:
వెంటనే అడగండి.