అమెరికా వెళ్ళే మా సరుకు వివరాలు బయటికి ఎలా పొక్కాయి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఓడలో అమెరికాకు టవళ్ళు పంపుతుంటాం. మొన్న మా పోటీదారు ఒకాయన నేరుగా మా బయ్యర్‌కే ఫోన్ చేసి తక్కువ రేటు చెప్పాడట. ఆరా తీస్తే ఒక డేటా వెబ్‌సైట్‌లో మా కంపెనీ పేరు, బయ్యర్ పేరు, కంటైనర్ నంబరు, 640 కార్టన్లు, అన్నీ ఒకే వరుసలో కనిపించాయి. గుండె గుభేలుమంది. మా సీహెచ్ఏనే (కస్టమ్స్ పనులు చూసిపెట్టే ఏజెంటు) చెప్పుంటాడని ఆయనతో గొడవ కూడా పడ్డాను. ఇలా బయటపెట్టడం నేరం కాదా?

జవాబు: మన దగ్గరైతే నేరమేనండీ. కస్టమ్స్ చట్టం, 1962లో 135ఏఏ సెక్షన్‌ను 2022లో చేర్చారు. కస్టమ్స్‌కు ఇచ్చిన సరుకు విలువ, పరిమాణం, ఎగుమతిదారు వివరాలు చట్టప్రకారం అవసరం లేకుండా ప్రచురిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 50,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కానీ తొందరపడకండి. ఆ వరుసలో రేటు గానీ, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి మన కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) నంబరు గానీ ఉందా? ఉంటే ఇక్కడి నుంచే పొక్కిందని అనుమానించాలి. లేకపోతే అది అమెరికా కస్టమ్స్‌కు చేరిన ఓడ మానిఫెస్ట్ (ఓడలోని సరుకుల జాబితా) లోది అయ్యుంటుంది. అందులో ధర ఉండదు. ఆ వివరాలు ప్రచురించుకోవడానికి అక్కడి చట్టమే ఒప్పుకుంటుంది. ఇలాంటి వెబ్‌సైట్లు చాలావరకు వాటి మీదే నడుస్తాయి.

ప్రశ్న: ఇప్పుడే చూశానండీ. రేటు లేదు, షిప్పింగ్ బిల్లు నంబరూ లేదు. మరి ఆపించడం ఎలా? మేమే దరఖాస్తు పెట్టుకోవచ్చా?

జవాబు: అక్కడికి దిగుమతి అయ్యే సరుకు కాబట్టి మీ బయ్యరే పెట్టాలి. తన పేరు, చిరునామాతో పాటు, సరుకు పంపేవాళ్ళ పేర్లు కూడా గోప్యంగా ఉంచమని అక్కడి కస్టమ్స్‌ను కోరవచ్చు. మీ పేరు కూడా చేర్చమని విడిగా చెప్పండి, లేకపోతే ఆయన తన పేరొక్కటే రాసి ఊరుకుంటారు. అది రెండేళ్ళే చెల్లుతుంది, గడువుకు 60 రోజుల ముందే మళ్ళీ పెట్టుకోవాలి.

చాలామంది దెబ్బతినేది స్పెల్లింగ్ దగ్గర. బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు తీసుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం) మీ పేరు ఒకసారి 'ప్రైవేట్ లిమిటెడ్' అనీ, ఇంకోసారి పొట్టిగానూ పడుతుంది. దరఖాస్తులో లేని రూపంలో పడిన పేరు దాగకుండా బయటికొచ్చేస్తుంది. పాత బిల్లులన్నీ ముందేసుకుని ఎన్ని రకాలుగా పడిందో అన్నీ రాసివ్వండి. సరుకు వర్ణన గడిలో బయ్యర్ బ్రాండ్ పేరు రాయకండి. ఇప్పటికే బయటికొచ్చిన వరుసలు మాత్రం వెనక్కి రావు.

ప్రశ్న: చాలా థ్యాంక్సండీ. ఈ రాత్రికే బయ్యర్‌కు మెయిల్ పెడతాను. పొద్దున్నే సీహెచ్ఏ ఆఫీసుకు వెళ్ళి ఆయన్ని క్షమాపణ అడగాలి.