4 ఇంప్లాంట్ల మీద కింది దవడ ఫుల్ ఆర్చ్: ఫ్రేమ్ పీక్‌లో చేయించవచ్చా?

ప్రోస్థో_వరంగల్: ల్యాబ్ వాళ్లు పీక్ (ఒక రకం ప్లాస్టిక్) అంటున్నారు. మెత్తగా ఉంటుంది, ఎముక మీద ఒత్తిడి తగ్గుతుందట. నేను ఒప్పుకోను. పీక్ మాడ్యులస్ (వంగకుండా నిలిచే గట్టిదనం) సుమారు 4 గిగాపాస్కల్. టైటానియం 110, కోబాల్ట్ క్రోమ్ 200 పైనే. వంగే ఫ్రేమ్ బరువును నాలుగింటికీ పంచదు, కొరికిన చోటికి దగ్గరున్న ఇంప్లాంట్ మీదే వేస్తుంది.

గుంటూరు_ల్యాబ్: సార్, సొంత పంటికి లిగమెంట్ ఉంది. ఇంప్లాంట్‌కి అది లేదు. ఎక్కడో ఒకచోట మెత్తదనం ఉండొద్దా? పైగా నోరు తెరిచినప్పుడు కింది దవడ కొంచెం లోపలికి వంగుతుంది. గట్టి ఫ్రేమ్ దానికి అడ్డం పడుతుంది.

ప్రోస్థో_వరంగల్: ఆ వంపు ఎక్కువగా దవడలో నరం బయటికొచ్చే రంధ్రానికి, అంటే మెంటల్ ఫొరామెన్‌కి వెనక. నా 4 ఇంప్లాంట్లూ దానికి ముందే ఉన్నాయి.

కొత్త_బీడీఎస్: పై దవడకైతే పీక్ పర్లేదా సార్?

నెల్లూరు_క్లినిక్: మెటీరియల్ కంటే ముందు ఫిట్ చూడండి. సరిగా కూర్చోని ఫ్రేమ్‌ని స్క్రూలతో బిగిస్తే, పేషెంట్ ఇంకా ఏమీ కొరక్కముందే ఎముకలో స్ట్రెస్ మొదలవుతుంది. ఒక చివర స్క్రూ ఒక్కటే బిగించి, రెండో చివర లేస్తోందేమో చూడండి.

గుంటూరు_ల్యాబ్: ఫిట్ అనగానే మా మీదికే! పోయినేడు ఒక క్లినిక్‌కి కోబాల్ట్ క్రోమ్ బార్ చేసిచ్చాం. రెండో మోలార్ దాకా పళ్లు కావాలన్నారు. వెనక 20 మి.మీ. వేలాడింది, విరిగింది. మెటల్ బాగాలేదని డబ్బులు ఆపేశారు. అది గట్టి ఫ్రేమే కదండీ, ఎందుకు విరిగింది?

ప్రోస్థో_వరంగల్: పొడవు వల్ల. కాంటిలివర్, అంటే వెనక వేలాడే భాగం, రెండింతలైతే అదే బరువుకు వంపు ఎనిమిదింతలు. అంత పొడవు పీక్‌లో చేస్తే ఇంకా ఘోరం.

గుంటూరు_ల్యాబ్: ఆ పొడవు రాసిచ్చింది ఎవరు? ఇంప్లాంట్ ఎక్కడ దించాలో ఒక్కరోజైనా మమ్మల్ని అడిగారా? విరిగితే మాత్రం ల్యాబ్ తప్పు. పీక్ అయితే మిల్ చేసి (మెషిన్ మీద చెక్కి) ఇస్తాం, క్యాస్టింగ్ వంకర పోయిందన్న మాట పడక్కర్లేదు.

ప్రోస్థో_వరంగల్: అంటే ఇంతసేపూ మీరు వాదించింది ఎముక కోసం కాదన్నమాట. మాట పడకూడదంటే టైటానియం కూడా మిల్ చేయొచ్చు.

గుంటూరు_ల్యాబ్: చేస్తాం. మీ కేసులో ఏపీ స్ప్రెడ్ (అన్నిటికంటే ముందున్న ఇంప్లాంట్ నుంచి వెనకున్నవాటి దాకా ముందు-వెనక దూరం) ఎంత?

ప్రోస్థో_వరంగల్: 9 మి.మీ.

నెల్లూరు_క్లినిక్: దానికి ఒకటిన్నర రెట్ల లెక్కన వెనక వేలాడేది 13 మి.మీ. దాటకూడదు. అదీ పైహద్దే, పళ్లు కొరికే అలవాటుంటే ఇంకా తగ్గించాలి.

గుంటూరు_ల్యాబ్: మీరు ఎంత రాశారు సార్?

ప్రోస్థో_వరంగల్: 16. పేషెంట్ మోలార్ లేకుండా ఒప్పుకోవడం లేదు. నేనడిగింది మెటీరియల్ గురించి.

గుంటూరు_ల్యాబ్: 16కైతే ఏ మెటీరియల్‌లోనూ నేను సంతకం పెట్టను.