ఫోటో మనసును పట్టుకునేది ఫ్రేములో ఉన్నదానివల్లా, మనకు తెలిసిన కథవల్లా?

వెలుగునీడ:
1984 డిసెంబరులో భోపాల్ విషవాయువుకు బలైన ఒక పసిబిడ్డను మట్టిలో కప్పుతున్నప్పుడు ఫోటోగ్రాఫర్లు రఘు రాయ్, పాబ్లో బార్తోలోమ్యూ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఆ ముఖాన్ని ఒకరు నలుపు తెలుపులో, మరొకరు రంగుల్లో తీశారు. పాబ్లో ఫోటోకు 1984 సంవత్సరపు వరల్డ్ ప్రెస్ ఫోటో పురస్కారం దక్కింది. బిడ్డ పేరు తెలియదు, కన్నవాళ్లెవరో తెలియదు, అయినా చూసినవాళ్లు ఆ ముఖాన్ని మరిచిపోలేరు. రఘు రాయ్ ఫ్రేములో కర్మాగారం గానీ, జనం గానీ, ఆకాశం గానీ లేవు. మట్టి, ఒక ముఖం, ఒక చెయ్యి, అంతే. కాబట్టి ఫోటోకు బలాన్నిచ్చేది ఫ్రేములో ఏముంచాలో, ఏం వదిలేయాలో తెలిసిన కన్నేనని నా వాదన. కథ మీద ఆధారపడిన ఫోటో, ఆ కథ చెప్పేవాళ్లు లేనిరోజున మూగబోతుంది.

పాత ఆల్బమ్:
వెలుగునీడ గారూ, ఆ ఫోటో కింద భోపాల్ అన్న ఒక్క మాట లేకపోతే మనం చూసేది ఒక బిడ్డ మరణాన్ని. ఆ మాట ఉన్నందువల్లే వేల మరణాలను చూస్తున్నాం. దుఃఖం రెండు విధాలుగానూ కలుగుతుంది గానీ, కోపం మాత్రం ఆ మాట తెలిస్తేనే వస్తుంది.

నా దగ్గరున్న ఒక ఫోటో గురించి చెప్తాను. నాన్నగారు పోవడానికి కొన్ని నెలల ముందు, అప్పటికి తొమ్మిదేళ్లున్న మా తమ్ముడి కొడుకు తీశాడు. ముఖం మసకగా ఉంది, తల పైభాగం తెగిపోయింది. ఆయన తలవంచుకుని వాచీ పట్టీ బిగించుకుంటున్నారు. పట్టీకి మొదటి నుంచీ ఉన్న రంధ్రాలన్నీ అయిపోయాక, ఇంకా లోపలికి, కాస్త వంకరగా మరో రంధ్రం ఉంది. చెయ్యి సన్నబడుతున్నకొద్దీ వాచీ జారిపోతుంటే మేకుతో ఆయనే పొడుచుకుని ఉంటారు. మాతో ఎప్పుడూ అనలేదు. ఆ రంధ్రం నా కంటబడింది ఆయన పోయిన తర్వాతే. పోటీకి పంపితే మొదటి వడపోతలోనే పక్కనపెట్టే ఈ ఫోటో నన్ను పట్టుకున్నంతగా మరే ఫోటో పట్టుకోలేదు. ఫ్రెంచ్ రచయిత రోలా బార్త్ 1980లో, తన తల్లికి ఐదేళ్లున్నప్పటి ఫోటో గురించి ఎంతో రాసి, ఆ ఫోటోను మాత్రం పుస్తకంలో అచ్చువేయలేదు. తనకు తప్ప ఇతరులకు అది మామూలు ఫోటోయేనని ఆయన చెప్పిన కారణం నాకు ఇప్పుడు బాగా అర్థమవుతోంది.

చీకటిగది:
కథను అంతగా నమ్మవద్దని నా మనవి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠాణీ కోత కూలీల గుడారాల్లో అమెరికన్ ఫోటోగ్రాఫర్ డొరొథియా లాంగ్ తీసిన తల్లి ఫోటోనే చూడండి. మొదట గుడారమంతా కనిపించేలా దూరం నుంచి తీసి, తర్వాత దగ్గరకు వెళ్లారు. ప్రపంచమంతా ఎరిగిన ఫ్రేములో గుడారం దాదాపు మాయమైంది. ఇద్దరు పిల్లలు ముఖాలు అటు తిప్పుకుని తల్లి భుజాలకు ఆనుకున్నారు, ఒళ్లో పసిబిడ్డ ఉంది, తల్లి చెయ్యి గడ్డం దగ్గరకు వచ్చి ఆగింది. పిల్లల ముఖాలు కనిపించి ఉంటే మన చూపు మూడు చోట్లకు చెదిరేది. అవి దాగినందువల్ల ఆమె నుదుటి ముడతల దగ్గరే నిలిచిపోతుంది. ముందువైపు గుడారపు కొయ్యను పట్టుకున్న బొటనవేలు అడ్డమనిపించి, లాంగ్ దాన్ని తర్వాత నెగటివ్ మీదే మరుగుపరిపించారు. నాకైతే ఆ వేలు ఉంటేనే బాగుండేదనిపిస్తుంది.

ఇక కథ సంగతి. తిండి కోసం ఆ కుటుంబం కారు టైర్లు అమ్ముకుందని లాంగ్ రాశారు. అది నిజం కాదని కుటుంబమే తర్వాత చెప్పింది. లాంగ్ ఆమె పేరైనా అడగలేదు. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అన్న పేరు లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటోవల్ల తనకు ఒరిగిందేమీ లేదని ఆమె అప్పుడు బాధపడ్డారు. అంటే 42 ఏళ్లపాటు జనం సగం తప్పు కథను నమ్మి కదిలిపోయారు. కథ తప్పని తేలాక కూడా ఫోటో చెక్కుచెదరలేదంటే బలం ఎక్కడున్నట్టు?

వెలుగునీడ:
చీకటిగది గారి మాట నా వాదనకు బలమే గానీ, పేరైనా అడగకుండా తీసిన ఫోటో అంతగా కదిలించగలిగితే, కదిలించడం ఒక్కటే కొలత కాకూడదని కూడా ఒప్పుకోవాలి. అది వేరే చర్చ.

పాత ఆల్బమ్ గారూ, నేను కన్ను అన్నప్పుడు ఫోటోగ్రాఫర్ నైపుణ్యాన్నే దృష్టిలో పెట్టుకున్నాను, అక్కడ పొరపడ్డాను. ఆ వంకర రంధ్రాన్ని ఫ్రేములో పెట్టాలని ఎవరూ అనుకోలేదు, తీసిన పిల్లవాడు గమనించి కూడా ఉండడు. అయినా అది అక్కడ ఉంది. ఇంట్లో ఇంతమందికి కనిపించనిది కెమెరాలో పడి, మీరు చూసేదాకా ఆగింది. నాన్నగారి అనారోగ్యం మీకు తెలియని కథ కాదు కదా, మరి ఆ రంధ్రం చూసిన రోజున కొత్తగా తెలిసినట్టు ఎందుకనిపించింది?

పాత ఆల్బమ్:
మీ మాట చదివాక ఆ ఫోటోను మళ్లీ తీసి చూశాను. పిల్లవాడు కింద నుంచి తీయడంతో ఫోకస్ మణికట్టు మీద పడింది, అందుకే ముఖం మసకబారింది. పట్టీ మీది పగుళ్లు మాత్రం లెక్కపెట్టవచ్చు. సాయంత్రం ఒక స్నేహితురాలికి ఏమీ చెప్పకుండా చూపించాను. చాలాసేపు చూసి, "ఆయనకు ఒంట్లో బాగుండేది కాదా?" అని అడిగింది. ఎందుకలా అనిపించిందంటే చెప్పలేకపోయింది. రంధ్రం ఎక్కడుందో నేనే వేలుపెట్టి చూపించాల్సి వచ్చింది. అప్పుడు ఫోటోను నా చేతికిచ్చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు.