అప్‌డేట్: తమ్ముడి క్లోజాపిన్ విషయం

స్కిజోఫ్రెనియాకి (లేని గొంతులు వినిపించడం లాంటివి ఉండే మానసిక జబ్బు) క్లోజాపిన్ అనే మందు మొదలుపెట్టాక మా తమ్ముడికి నిద్రలో చొంగ కారుతోంది, విరేచనం సరిగా అవట్లేదు, మందు ఆపేయాలా అని అడిగాను కదా. ఆపలేదు.

చొంగ కంటే మలబద్ధకమే ప్రమాదమని నర్సు గారు చెప్పారు. ఈ మందు పేగుల కదలికను బాగా తగ్గిస్తుందట, పట్టించుకోకపోతే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ గారు విరేచనాల మందు రాశారు. వాడికి సిగ్గే అయినా రోజూ అడిగి రాసి పెడుతున్నాను.

తెల్లరక్తకణాలు పడిపోయే అవకాశం ఉంది కాబట్టి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ రోజే చూపించాలి. 48 గంటలకు మించి మందు తప్పితే పాత డోసు వేసేయకూడదు, డాక్టర్‌కి ఫోన్ చేయాలి, మళ్లీ 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ఇది ఇంటివాళ్లకి మొదటిరోజే చెప్పాలి!

వాడికి వినిపించే గొంతులు బాగా తగ్గాయి. టెన్షన్‌లో ఉన్నప్పుడు ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.