ష్నిట్జ్‌లర్ సిండ్రోమ్: దద్దుర్లకు మందు వేయాలా, రక్తంలోని ప్రోటీన్‌కా?

గుంటూరు అమ్మాయి:
మా నాన్నకు నాలుగేళ్లుగా ఒళ్లంతా దద్దుర్లు. దురద పెద్దగా ఉండదు, కానీ సాయంత్రమయ్యేసరికి జ్వరం, మోకాళ్ల కింద ఎముకల్లో పోటు. సెట్రిజిన్ రోజుకు నాలుగు వేసినా గుణం లేదు. రక్తంలో ఒకే రకం ఐజీఎం ప్రోటీన్ (ఒక రకం యాంటీబాడీ) కనిపించాక ష్నిట్జ్‌లర్ సిండ్రోమ్ అని తేల్చారు. డాక్టర్ అనాకిన్రా ఇంజెక్షన్ అంటున్నారు. బాబాయేమో "మూలం రక్తంలో ఉంటే కీమో అడగాలి గానీ" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

శ్రీను, హన్మకొండ:
మీ బాబాయి గారి మాటే సబబు. అనాకిన్రా రోజూ పొడుచుకోవాలి, ఆపితే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలు. దాన్ని నయమవడం అంటామా? ఖరీదు కూడా. అంతవరకు స్టెరాయిడ్‌తో నెట్టుకురావచ్చు.

డాలస్ వదిన:
శ్రీను గారూ, నెట్టుకొచ్చిన ఇల్లే మాది. మా ఆయనకు రెండేళ్లు స్టెరాయిడ్ వాడారు. డోసు తగ్గించినప్పుడల్లా దద్దుర్లు తిరగబెట్టాయి, పైగా షుగర్ వచ్చింది. తర్వాత అనాకిన్రా 100 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. రాత్రి మొదటి ఇంజెక్షన్, తెల్లారి లేచి చూస్తే దిండు గలీబు పొడిగా ఉంది. చెమటతో తడవని దిండు చూసి ఎన్నేళ్లయిందో! నేను ఏడ్చేశాను.

ఇక ప్రోటీన్ సంగతి. అనాకిన్రా దాన్ని తగ్గించదు, మా ఆయనకు ఐజీఎం ఇప్పటికీ అంతే ఉంది. అయినా దద్దుర్లు, జ్వరం పోయాయి. ఎందుకంటే వాటిని రేపేది ఇంటర్‌ల్యూకిన్-1 అని ఒంట్లో వాపు, జ్వరం పుట్టించే పదార్థం, ఈ మందు అడ్డుకునేది దాన్నే. లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) లేనప్పుడు కీమో ఎందుకమ్మా? కొందరికి ఏళ్ల తర్వాత వాల్డెన్‌స్ట్రోమ్ లాంటి బ్లడ్ క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి హెమటాలజిస్ట్ (రక్తవ్యాధుల డాక్టర్) దగ్గర చెకప్ మానకూడదు. అది తేలితే అప్పుడు కీమో మాట.

శ్రీను, హన్మకొండ:
కీమో విషయం ఒప్పుకుంటాను. కానీ వదినగారూ, మీకు ఇన్సూరెన్స్ ఉంది. ఇక్కడ ఈ మందు వీధి చివర షాపులో దొరకదు. తెప్పించుకోలేనివాళ్లు ఏం చేయాలి?

డాలస్ వదిన:
అది న్యాయమైన ప్రశ్నే. జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్లకు ముందు కాల్చిసిన్ అనే వాపు తగ్గించే మాత్ర ఇచ్చి చూస్తారు, కొందరికి పనిచేస్తుంది. మీ నాన్నగారికి జ్వరం, ఎముకల నొప్పి రెండూ ఉన్నాయి కదమ్మా, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష సీఆర్‌పీ ఎంతుందో చూసి డాక్టర్‌ని సూటిగా అడుగు. ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష మాత్రం మర్చిపోవద్దు.

గుంటూరు అమ్మాయి:
సీఆర్‌పీ 84 ఉంది వదినా. సోమవారం బాబాయిని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను.