ఎండీఎంఏ (ఎక్స్‌టసీ అనే పార్టీ డ్రగ్) మత్తులో తమ్ముడు చూపించిన ప్రేమ నిజమేనా? సలహా కావాలి

నేను కూకట్‌పల్లిలో ఉంటాను, తమ్ముడికి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడు ముభావి, ఫోన్ చేస్తే "ఆ, చెప్పక్కా" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. అలాంటివాడు పోయిన నెల ఒక శనివారం అర్ధరాత్రి ఫోన్ చేసి, నాన్న పోయినప్పుడు నువ్వు ఒక్కదానివే ఏడుస్తుంటే పక్కన కూర్చోలేకపోయానక్కా అంటూ గంటసేపు మాట్లాడాడు. నాకూ ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, ఆ రాత్రి పార్టీలో ఎండీఎంఏ తీసుకున్నాడట.

అది మెదడులో మూడ్‌ను ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా విడుదల చేస్తుందని, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కూడా పెరిగి మనుషుల మీద ఆపేక్ష పొంగుతుందని చదివాను. విచిత్రమేంటంటే, ఆ మత్తులో ఎదుటివాళ్ల ముఖంలో భయం, కోపం లాంటివి సరిగా గుర్తుపట్టలేరట. మరి దాన్ని దగ్గరితనం అనాలా?

మంగళవారానికి మనిషి పూర్తిగా డల్, అమ్మ మీద ఊరికే కసురుకున్నాడు. అడిగితే అమెరికాలో దీన్ని ట్రీట్‌మెంట్‌కి వాడుతున్నారని వాదన. పీటీఎస్‌డీకి (పెద్ద షాక్ తర్వాత వచ్చే మానసిక సమస్య) పరిశోధనలు జరిగిన మాట నిజమే కానీ, 2024 ఆగస్టులో అక్కడ మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు కదా. ఇక్కడైతే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసు, ఉద్యోగం గోవిందా.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? ఆ రాత్రి మాటలు ఇప్పుడు, మామూలుగా ఉన్నప్పుడు, మళ్లీ కదిపితే మాట్లాడతాడా, లేక ఇంకా ముడుచుకుపోతాడా? డ్రగ్స్ అలవాటు మాన్పించడానికి సాయం చేసే 14446 హెల్ప్‌లైన్‌కి వాడి తరఫున నేను ఫోన్ చేయొచ్చా? అమ్మకింకా చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.