సాగరకన్యకు ‘ఆత్మ’ లేదా? ఏ మాట వాడాలి?

డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన సాగరకన్య కథను పెద్దలు చదువుకునేలా, విశాఖ తీరపు తెలుగులో తిరగరాస్తున్నాం. సముద్రరాజు తల్లి మనవరాలికి చెప్పే మాట దగ్గర ఆగాం: మనకు 300 ఏళ్ల ఆయుష్షు, ఆ తర్వాత నురగ, మనుషులకున్న చావులేని ఆత్మ మనకు లేదు. ఇక్కడ ‘ఆత్మ’ సరిపోతుందా?

— సరిపోదండీ. మన చెవికి చీమలోనూ ఆత్మ ఉంటుంది. లేదనగానే పాఠకుడు కథ వదిలేసి వేదాంతంలో పడతాడు. పైగా ఇప్పటి వాడుకలో ఆత్మంటే దయ్యం! తెలుగు బైబిలు కీర్తనల్లోలా ‘ప్రాణం’ అందామంటే, ఈదుతున్న పిల్లకు ప్రాణం లేదని ఎలా అంటాం?

— ‘మనకు గతి లేదమ్మా’ అంటే?

— తిండికి గతి లేదన్నట్టు వినిపిస్తుంది. ‘సద్గతి’ అంటే దుర్గతి ఉందేమో అనుకుంటారు. ఆ పిల్లకు రెండూ లేవు.

— నామవాచకం వదిలేసి క్రియ పట్టుకోండి. మనిషి చనిపోతే ‘పోయాడు’ అంటాం. పోవడానికి ఒక చోటు ఉన్నట్టే కదా. సాగరకన్యకు ఆ చోటు లేదు. కాబట్టి:

“మనుషులు పోతారు తల్లీ. మనం అయిపోతాం.”

‘నురగైపోతాం’ అన్నా అదే క్రియ. ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి లాగాక తడి ఇసుక మీద నురగను చూడండి: బుడగలు చిటచిటమని పగులుతాయి, సన్నటి గీత మిగులుతుంది, తర్వాతి కెరటానికి అదీ ఉండదు. ‘అయిపోవడం’ అంటే అదే.

— చాలా బావుందండీ. ఇంకో రెండు సంగతులు. ఆవిడ రాజుగారి తల్లి, అంటే నాయనమ్మ. అమ్మమ్మ అని రాస్తే చుట్టరికమే తప్పుతుంది. ‘తరంగం’ వద్దు, మన వైపు కెరటమే.

— మరి ముగింపు? సాగరకన్య చివరికి గాలిలో తిరిగే గాలికన్యల్లో కలిసి, 300 ఏళ్లు మంచిపనులు చేసి ఆత్మను సంపాదించుకోవచ్చంటాడు ఆండర్సన్. ఆత్మ తీసేస్తే సంపాదించడానికేముంది?

— ఆ లెక్క పిల్లలకు బుద్ధి చెప్పినట్టుంటుంది, పెద్దల కథలో తీసేయొచ్చు. నురగలోంచి పైకి లేస్తూ ఆమె అడిగే ప్రశ్న మాత్రం ఉంచండి, అదే క్రియతో: “నేను ఎవరి దగ్గరికి పోతున్నాను?”